డాబా మీద సోలార్ పెట్టే ముందు శ్లాబును ఏం అడగాలి?

ప్రశ్న: మాది గుంటూరు పట్టాభిపురం. కింది భాగం మా మామగారు 1988లో కట్టించారు. పిల్లర్లు లేవు, తొమ్మిదంగుళాల గోడల మీదే శ్లాబు. 2004లో ముందువైపు పైన రెండు గదులు వేశాం. వెనకవైపు పాత శ్లాబు ఖాళీ డాబాగానే ఉంది. సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకుందామని అడ్వాన్సు కూడా ఇచ్చాం. వాళ్లు వెనక డాబా మీద 9 అడుగుల ఎత్తున స్టాండు వేసి శ్లాబుకి బోల్టులు కొడతామంటున్నారు. కింద నీడ ఉంటుంది, కుర్చీలు వేసుకోవచ్చు అని మా వారికీ అదే ఇష్టం. పక్కింటి పెద్దాయన మాత్రం ముప్పై ఏళ్లు దాటిన శ్లాబు, ఆ బరువుకి కూర్చుంటుంది అంటున్నారు. నిజానికి వెనక వంటింట్లో శ్లాబు కింద రెండు చోట్ల పెచ్చులు ఊడి కడ్డీ కనిపిస్తోంది. ముందు గది కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు కూడా ఉంది. కంపెనీ వాళ్లేమో మిచౌంగ్ తుపానుకే మా స్టాండ్లు కదల్లేదు, భయం లేదంటున్నారు. ఎవరి మాట వినాలి? అడ్వాన్సు వెనక్కి తీసుకోమంటారా?
— పేరు రాయవద్దన్న పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, సోలార్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు వంటింటి సంగతి. పెచ్చులు ఊడిన చోటికి సరిగ్గా కింద మీరు నిలబడి వంట చేసుకుంటుంటే, ఈ రోజే ఆ పొయ్యి పక్కకి జరిపించండి. ఇప్పటికి ఊడింది కొంచెమే కావచ్చు. దాని చుట్టూ ఇంకా ఎంత మేర ఊడటానికి సిద్ధంగా ఉందో కింద నుంచి చూస్తే తెలియదు. ఒక తాపీ మేస్త్రిని పిలిచి, చిన్న సుత్తితో ఆ గది శ్లాబంతా అడుగడుక్కీ తట్టి చూడమనండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, వదిలేసిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల పలికిన మేరంతా సుద్దముక్కతో గీత గీయించి ఫొటో తీసి పెట్టుకోండి. వదులుగా ఉన్న పెచ్చుల్ని జాగ్రత్తగా రాలగొట్టించండి. ఇది సోలార్ పెట్టినా పెట్టకపోయినా చేయాల్సిన పని.

ఇక పక్కింటి పెద్దాయన భయం. ఆయన మీ మంచి కోరే చెప్పారు కానీ బరువు లెక్క వేస్తే అంత భయం అక్కర్లేదని తేలుతుంది. 3 కిలోవాట్లకి ఇప్పుడొచ్చే 540–550 వాట్ల పలకలు ఆరు సరిపోతాయి. ఒక్కోటి సుమారు 28 కిలోలు. రెండువైపులా అద్దం ఉన్న రకమైతే 32 దాకా ఉంటుంది. ఆరు కలిపి 170 నుంచి 190 కిలోలు. 9 అడుగుల ఇనుప స్టాండు ఇంకో 200–250 కిలోలు అనుకోండి. మొత్తం నాలుగు వందల చిల్లర. ఆ పలకలు పరుచుకునే మేర పదిహేనున్నర చదరపు మీటర్లు కాబట్టి చదరపు మీటరుకి 30 కిలోలు కూడా దాటదు. మనుషులు తిరిగే డాబాకి చదరపు మీటరుకి 150 కిలోల బరువు అదనంగా మోసేలా లెక్క వేయాలని, భవనాల మీద పడే బరువులకీ గాలికీ లెక్కలు చెప్పే మన ఐఎస్ 875 కోడ్ చెబుతుంది. మీ డాబా మీద వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఉండే ఉంటుంది. అది నిండితే నీళ్లే ఒక టన్ను, అదీ ఒక్క చదరపు మీటరు చోటులో. ఇన్నేళ్లుగా దాన్ని మోస్తున్న ఇల్లు ఈ నాలుగు వందల కిలోలకి కూర్చోదు.

అయితే ఇక్కడో మెలిక ఉంది. పలకల్ని డాబాకి దగ్గరగా, తక్కువ ఎత్తులో పెడితే వాటి కిందికి మనుషులు పోలేరు. మనుషుల కోసం ఉంచిన 150 కిలోల్లోంచే ఈ 30 పోతాయి. అదే 9 అడుగుల ఎత్తున పెడితే కింద కుర్చీలు, మంచాలు, పదిమంది చుట్టాలు. అంటే ఆ బరువు మీద ఈ బరువు. పైగా స్టాండు బరువంతా పరుచుకుని పడదు, నాలుగైదు కాళ్ల దగ్గరే పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న శ్లాబుకి ఇదీ పెద్ద లెక్క కాదు. మీ వంటింటి శ్లాబు ఆరోగ్యంగా లేదు కాబట్టి చెబుతున్నాను.

అసలు భయపడాల్సింది కిందికి నొక్కే బరువు గురించి కాదు, పైకి లాగే గాలి గురించి. చాలామంది ఇళ్లవాళ్లు ఈ ప్రశ్న అడగనే అడగరు, పెట్టేవాళ్లు చెప్పనే చెప్పరు. ఈదురుగాలిలో గొడుగు పట్టుకుని నడిచిన వాళ్లకి చేతిలో కర్ర ఎటు లాగుతుందో తెలుసు. వాలుగా పెట్టిన సోలార్ పలకకి జరిగేదీ అదే.

మన కోడ్‌లో విజయవాడకి లెక్కకి తీసుకోవాల్సిన మూల గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. మీ ఇంటికీ అదే తీసుకోవాలి. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకి 150 కిలోలు. ఒక పలక రెండున్నర చదరపు మీటర్ల పైచిలుకు ఉంటుంది. అంటే ఒక్కో పలకని 380 కిలోల దాకా బలంతో పైకి లాగొచ్చన్నమాట. పలక బరువు 28. ఆరు పలకలకి కలిపి 2,300 కిలోల లాగుడు, స్టాండుతో సహా మొత్తం బరువు నాలుగు వందల చిల్లర. మిగిలిన 1,900 కిలోలని ఎవరు పట్టుకోవాలి? కాళ్ల అడుగున ఉన్న బోల్టులు, ఆ బోల్టులు దిగిన కాంక్రీటు. ఆరు కాళ్లుంటే ఒక్కోదాని మీద 300 కిలోల పైనే. పలక వాలు, ఎత్తు, చుట్టుపక్కల భవనాలు, డాబా అంచుకి ఎంత దూరం అన్నదాన్ని బట్టి ఈ అంకెలు కొంత తగ్గుతాయి, కొన్నిచోట్ల పెరుగుతాయి కూడా. డాబా మూలల్లో, అంచుల్లో లాగుడు ఎక్కువ. కచ్చితమైన లెక్క ఇంజినీరు మీ ఇంటికి వేసి ఇవ్వాలి. సమస్య ఏ పాటిదో మీకు తెలియడానికి మాత్రం ఈ అంకెలు చాలు.

ఇప్పుడు కంపెనీ వాళ్ల మిచౌంగ్ మాట చూద్దాం. 2023 డిసెంబరు 5న అది బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలులు గంటకి 90–100 కిలోమీటర్లు. గుంటూరు తీరానికి లోపల ఉంది కాబట్టి మీకు తగిలింది అంతకంటే తక్కువే. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకి 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకి 47 కిలోల ఒత్తిడి తెస్తే, 180 కిలోమీటర్ల గాలి 150 తెస్తుంది. అంటే మిచౌంగ్ ఆ స్టాండ్లని కోడ్ అడిగే దానిలో మూడో వంతు కూడా పరీక్షించలేదు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, కదలకపోయి ఉండొచ్చు. కానీ 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్నం మీదికి వచ్చినప్పుడు గాలులు 180 స్థాయిలో వీచాయి. అలాంటిది ఈసారి కృష్ణా ముఖద్వారం వైపు రాదని ఎవరూ రాసివ్వలేరు. 25 ఏళ్లు పనిచేస్తుందని కొనే వస్తువుని, ఆ 25 ఏళ్లలో రాగల గాలికి కట్టాలి. పైగా ఎగిరిన పలక మీ డాబా మీదే పడదు. 28 కిలోల అద్దం, అల్యూమినియం చట్రం పక్కవీధిలో ఎవరి మీద పడుతుందో ఎవరికి తెలుసు?

9 అడుగుల స్టాండు మీద నా అభిప్రాయం దీన్నిబట్టి మీకు అర్థమయ్యే ఉంటుంది. నీడ కావాలన్న కోరిక తప్పు కాదు. గుంటూరు ఎండలో డాబా మీద నీడ ఎవరికి చేదు? కానీ కాలు ఎంత పొడుగైతే అడుగున బోల్టుల మీద పెకలించే బలం అంత ఎక్కువ. నాలుగువైపులా తెరిచి ఉన్న పందిరి కింద గాలి దూరి పైకి ఎత్తుతుంది. ఎత్తు స్టాండు వేయకూడదని కాదు. వేస్తే కాళ్లు గోడల మీదో దూలాల మీదో పడాలి, కాళ్ల మధ్య అడ్డకట్లు ఉండాలి, లెక్క వేసిన ఇంజినీరు సంతకం ఉండాలి. మీ వెనక శ్లాబు మీద మాత్రం వద్దు.

బోల్టుల గురించి కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే మోసం జరిగినా పొరపాటు జరిగినా కంటికి కనపడని చోటు ఇదే. 1988 నాటి గుంటూరు డాబాని పైనుంచి తవ్వితే ముందు శ్లాబు తగలదు. పైన సిమెంటు పూతో టైల్సో ఉంటాయి. దాని కింద నీళ్లు వాలడానికి వేసిన సున్నం, ఇటుకజల్లి పొర ఉంటుంది. అది తూము దగ్గర రెండంగుళాలు ఉంటే ఎగువన నాలుగు కూడా ఉండొచ్చు. ఆ తర్వాతే అసలు శ్లాబు, అదీ నాలుగున్నర అంగుళాలు. ఇప్పుడు నాలుగంగుళాల బోల్టు పైనుంచి కొట్టారనుకోండి. మూడంగుళాలు ఇటుకజల్లిలో, అంగుళం శ్లాబులో దిగుతుంది. బిగించినప్పుడు గట్టిగానే ఉంటుంది, చేత్తో ఊపితే కదలదు కూడా. 300 కిలోల లాగుడు వచ్చిన రోజున ఆ ఇటుకజల్లితో సహా ఊడి వస్తుంది. ఆ లోపు ఏటా వానాకాలంలో ఆ కన్నంలోంచి నీళ్లు దిగి, కింద కడ్డీకి తుప్పు పట్టిస్తాయి. శ్లాబులోకే దించాలని పొడుగు బోల్టు వేస్తే, పలచని శ్లాబు అడుగున కాంక్రీటు పగిలి గదిలోకి పెచ్చు రాలే ప్రమాదం ఉంది. గోడల దగ్గర శ్లాబు పైభాగంలో ఉండే కడ్డీ డ్రిల్లుకి తెగే ప్రమాదమూ ఉంది. ఇంకో మాట, 1988లో చేత్తో కలిపి పోసిన 1:2:4 కాంక్రీటు (సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు, కంకర నాలుగు) ఎం15 స్థాయిది. ఎం పక్కన అంకె ఎంత పెద్దదైతే కాంక్రీటు అంత గట్టిది. ఆర్‌సీసీకి కనీసం ఎం20 ఉండాలన్న నియమం కాంక్రీటు కట్టడాల కోడ్ ఐఎస్ 456లో 2000 సంవత్సరం సవరణతో వచ్చింది. బోల్టు కంపెనీ అట్టపెట్టె మీద రాసే పట్టు అంకెలు సాధారణంగా ఇంతకంటే గట్టి కాంక్రీటుకి చెప్పినవి.

బోల్టులు వద్దులెండి, సిమెంటు దిమ్మెలు పోసి వాటి మీద నిలబెడదాం అని మీ మేస్త్రి అనొచ్చు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు దిమ్మె బరువు సుమారు 65 కిలోలు. ఒక్కో కాలికి 300 కిలోల లాగుడుంటే ఊరికే పెట్టిన దిమ్మె సరిపోదని మీకే తెలుస్తోంది. ఇలాంటి దిమ్మెలు డాబాకి ఆనుకుని, తక్కువ వాలులో పెట్టిన పలకలకి లెక్క వేసి వాడతారు. పందిరి స్టాండుకి కాదు.

ఇక తుప్పు సంగతి. నన్నడిగితే మీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే.

కొత్త కాంక్రీటుకి క్షారగుణం ఉంటుంది. అదే లోపలి ఇనుముకి రక్ష. ఏళ్ల తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్, చెమ్మ లోపలికి ఇంకుతుంటే ఆ గుణం పైనుంచి లోపలికి కొద్దికొద్దిగా పోతుంది. అది పోయిన మేర కడ్డీ దాకా చేరిన రోజున తుప్పు మొదలవుతుంది. ఆ రోజుల్లో శ్లాబు కింద కడ్డీకి అర అంగుళం కాంక్రీటు కప్పు వదలడమే గొప్ప. కొన్నిచోట్ల కడ్డీ సెంట్రింగ్ రేకుకి ఆనుకునే పోసేవారు. తుప్పు ఇనుముకంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకి కింది కాంక్రీటు పగిలి ఊడుతుంది. మీరు చూస్తున్న పెచ్చు అదే. వంటింట్లో ఆవిరి ఉంటుంది. పైన నీళ్ల ట్యాంకో, నీళ్లు నిలిచే పల్లమో, పూడిపోయిన తూమో ఉందేమో డాబా ఎక్కి చూడండి. చాలా ఇళ్లలో పెచ్చులూడిన చోటికి సరిగ్గా పైన ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉంటుంది.

ఇంజినీరు వచ్చినప్పుడు రెండు పనులు మీ ఎదుటే చేయమనండి. ఒకటి, పెచ్చు కొట్టిన తాజా కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లడం. చదువుకునే రోజుల్లో కెమిస్ట్రీ లాబులో చూసిందే. క్షారగుణం ఉన్న చోట గులాబీ రంగు వస్తుంది, పోయిన చోట రంగు మారదు. గులాబీ రంగు కడ్డీకి ఎంత పైన మొదలవుతోందో చూస్తే తుప్పు కథ మొత్తం అక్కడే తెలిసిపోతుంది. రెండోది, బయటపడ్డ కడ్డీని ఇనుప బ్రష్షుతో తుప్పు పోయేదాకా రుద్ది, వెర్నియర్ కాలిపర్‌తో మందం కొలవడం. 8 మిల్లీమీటర్ల కడ్డీ 7కి తగ్గితే చూడ్డానికి ఒక్క మిల్లీమీటరే. కానీ బలంలో దాదాపు నాలుగో వంతు పోయినట్టు. 1988 నాటికి ఎక్కువగా వాడింది మెలితిప్పిన టోర్ కడ్డీలు. వాటికి ఒకసారి తుప్పు పట్టుకుంటే తొందరగానే తినేస్తుంది. అలాగే గదికి అటు గోడ నుంచి ఇటు గోడకి శ్లాబు కింద ఒక దారం బిగించి కట్టి, మధ్యలో శ్లాబు ఎంత కిందికి వంగిందో కొలవండి. పన్నెండడుగుల గదికి 14 మిల్లీమీటర్ల దాకా కోడ్ ఒప్పుకుంటుంది. అంతకు మించితే ఇంజినీరు తేల్చేదాకా ఆ గది మీద ఏ కొత్త బరువూ పెట్టొద్దు.

రెండే చోట్ల తుప్పు ఉంటే మరమ్మతు సాధ్యమే. కానీ మన దగ్గర ఎక్కువగా జరిగే మరమ్మతు ఏమిటంటే, ఊడిన చోట సిమెంటు మెత్తి, పుట్టీ పెట్టి, సున్నం కొట్టడం. లోపల తుప్పు అలాగే పెరిగి, రెండు మూడు వానాకాలాల్లో ఆ మెత్తినదంతా ఇంకా పెద్ద పెచ్చుగా ఊడుతుంది. కింద జాకీలు పెట్టి, కడ్డీ చుట్టూ వెనక వైపు కూడా వేలు దూరేంత కాంక్రీటు తీసేయాలి. తుప్పు పూర్తిగా పోగొట్టి, జింకు ప్రైమరు పూయాలి. సన్నబడ్డ చోట పక్కనే కొత్త కడ్డీ కలపాలి. పాతదానికీ కొత్తదానికీ అతుకు రసాయనం రాసి, పాలిమర్ మోర్టార్‌తో పొరలు పొరలుగా నింపాలి. పైన డాబా మీద నీళ్లు ఇంకే మూలకారణం పోగొట్టాలి. ఆ తర్వాత తూములు మూసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి కింద చెమ్మ కనపడుతుందేమో చూడాలి. ఇదంతా పలకలు పెట్టకముందే జరగాలి. పెట్టాక ఆ చోటు 25 ఏళ్లు మూతపడినట్టే. కింద ఉరుస్తోందని తెలిసినా పైన చేయి పెట్టడానికి చోటు దొరకదు. స్టాండు విప్పి మళ్లీ బిగించే ఖర్చుకి భయపడి, ఉరిసే శ్లాబుతోనే కాపురం చేసే ఇళ్లు ఉన్నాయి.

తట్టి చూస్తే సగం గది డొల్ల పలికిందనుకోండి, అప్పుడిక మరమ్మతు మాట కాదు. ఆ శ్లాబు మార్చుకోవడమే దారి.

మరి మీకు పలకలు ఎక్కడ పెట్టాలి? నా సలహా, 2004లో వేసిన రెండు గదుల పైన. ఆ శ్లాబు వయసు తక్కువ, పైన ఇంకే అంతస్తూ లేదు కాబట్టి నీడ పడదు. వెనక డాబా మీద పెడితే ఆ రెండు గదుల నీడే పొద్దునో సాయంత్రమో పలకల మీద పడుతుంది. ఒక పలకలో కొంత మేర నీడ పడినా ఆ వరస కరెంటు తగ్గుతుంది. 3 కిలోవాట్లకి అటూఇటూ నడిచే చోటుతో కలిపి సుమారు 300 చదరపు అడుగులు కావాలి. రెండు గదుల మీద అది దొరకొచ్చు. కొంచెం తక్కువైతే ఒక పలక తగ్గించుకోండి. అక్కడ కూడా తట్టి చూడటం, చెమ్మ చూడటం మామూలే.

కాళ్ల కింద దిమ్మెలు గోడల వరస మీదే రావాలి, గది నడిమధ్యలో కాదు. గోడ ఎక్కడుందో పైనుంచి తెలియదు కాబట్టి, గది లోపల కొలతలు తీసి డాబా మీద సుద్దతో గోడల గీతలు గీయించండి. ఈ ఒక్క పని మీరే దగ్గరుండి చేయించండి. ఆ గీతల మీద, దిమ్మె వచ్చే మేర పై పొరలన్నీ శ్లాబు కాంక్రీటు కనపడేదాకా తవ్వాలి. అక్కడ కడ్డీ ముక్కల్ని రసాయన యాంకరుతో (కన్నంలో కడ్డీని అతికించి పట్టే జిగురు) నాటి, వాటితో కలిపి దిమ్మె పోసి, దిమ్మె చుట్టూ వాటర్‌ప్రూఫ్ చేసి మూల మలచాలి. అప్పుడు గాలి ఆ స్టాండుని లాగితే కింద శ్లాబు, గోడ బరువే పట్టుకుంటాయి. అయిదంగుళాల శ్లాబు చదరపు మీటరుకి 300 కిలోల పైనే తూగుతుంది. మన బలం అందులో ఉంది. ముందువైపు కాళ్లు రెండడుగుల ఎత్తు చాలు, చీపురు పట్టుకుని ఊడ్వటానికి, వంగి చూడటానికి వీలుగా. వాలు దక్షిణానికి 10 నుంచి 15 డిగ్రీలు. మన అక్షాంశం 16 డిగ్రీల చిల్లర కాబట్టి ఆ వాలులో కరెంటు పెద్దగా తగ్గదు, గాలి మాత్రం బాగా తక్కువ తగులుతుంది. అంచు నుంచి రెండు మూడడుగులు లోపలికి ఉంచండి. పిట్టగోడకి మాత్రం ఏ కాలూ, ఏ కట్టూ తగిలించనివ్వొద్దు. అది నాలుగున్నర అంగుళాల ఇటుక. లాగితే పలకలతో పాటు తనూ వస్తుంది.

స్టాండు ఇనుము వేడి జింకులో ముంచి తీసినదై ఉండాలి, పూత 80 మైక్రాన్లకి తగ్గకూడదు. డాబా మీద కోసి వెల్డింగ్ చేస్తే ఆ చోట పూత కాలిపోతుంది. అక్కడే ముందు తుప్పు మొదలవుతుంది. అందుకని బోల్టులతో బిగించే రకం అడగండి.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట. పిల్లర్లతో కట్టి, పై అంతస్తు కోసమని డాబా మీద కడ్డీలు వదిలిన ఇళ్లు విజయవాడ, గుంటూరుల్లో వీధికి పది కనిపిస్తాయి. ఆ తుప్పు కడ్డీలకే స్టాండు కాలు వెల్డింగ్ చేసిపోతున్నారు. అది చేయనివ్వొద్దు. కడ్డీల్ని శుభ్రం చేసి, అడుగు ఎత్తున పిల్లరు పోయించి, అందులో బోల్టులు నాటించండి. స్టాండుకి అంతకంటే మంచి పునాది దొరకదు. కర్ర దూలాల మీద ఇటుక పేర్చిన పాత మిద్దెలవాళ్లు, కడప బండలు పరిచిన కప్పులవాళ్లు, సిమెంటు రేకులవాళ్లు పైన పెట్టే ఆలోచన మానండి. పెరట్లో చోటుంటే నేల మీద స్తంభాలు వేసుకోవచ్చు.

కిటికీ మూల పగులు ఎండాకాలంలో విచ్చుకుని వానాకాలంలో మూసుకుంటోందా? అయితే అది నల్లరేగడి పని. గుంటూరు నేలలో ఆ మట్టి తడికి ఉబ్బి, ఎండకి కుంగి పునాదుల్ని కదిలిస్తుంది. పగులుకి అడ్డంగా రెండు చోట్ల ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్ద పెట్టి, దాని మీద తేదీ రాయండి. ముద్ద చిట్లితే పగులు ఇంకా కదులుతున్నట్టు. ఆ గోడ మీద మాత్రం దిమ్మె పెట్టొద్దు. పలకలు కడిగిన నీళ్లు, వాన నీళ్లు ఆ గోడ పునాది దగ్గర పడకుండా గొట్టంతో దూరంగా పోనివ్వండి.

మీ వారు అనొచ్చు, కరెంటు వాళ్లు అనుమతి ఇచ్చారు కదా, ఇంకేం చూడాలి అని. సీపీడీసీఎల్ చూసేది మీటరు, లైను, భద్రతా పరికరాలు. 2024 ఫిబ్రవరిలో మారిన కేంద్ర నియమాల ప్రకారం 10 కిలోవాట్ల దాకా సాంకేతిక అధ్యయనం లేకుండానే దరఖాస్తు ఆమోదం పొందినట్టు లెక్క. పని తొందరగా అవడానికి అది మంచి మార్పే. కానీ మీ శ్లాబు మోయగలదా లేదా అని ఆ వరసలో ఎవరూ చూడరు. సబ్సిడీ 78,000 రూపాయలు ఎటూ పోదు. పథకం గడువు 2026–27 ఆర్థిక సంవత్సరం దాకా ఉంది. మరమ్మతుకి పట్టే వారాలు దానికి అడ్డం కావు. పెట్టాక అయిదేళ్లు నిర్వహణ కంపెనీ వాళ్లే చూడాలి కాబట్టి, ఏటా సెప్టెంబరులో, తుపాన్లు మొదలవకముందే, క్లాంపులూ బోల్టులూ బిగించి చూసేలా ఆ ఒప్పందంలోనే రాయించుకోండి.

అడ్వాన్సు వెనక్కి అడగకండి, పని మాత్రం ఆపమని చెప్పండి. మూడు కాగితాలు అడగండి. కాళ్లు ఏ గోడల మీద వస్తాయో చూపించే బొమ్మ, సెకనుకి 50 మీటర్ల గాలికి వేసిన లెక్క మీద స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం, స్టాండు వల్ల శ్లాబు ఉరిస్తే బాగుచేసే బాధ్యత తమదేనన్న రాత. ఇంజినీరుని వాళ్లు తెచ్చుకోకపోతే మీరే పెట్టుకోండి. గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల సివిల్ విభాగాల్లో అడిగితే దారి చూపిస్తారు. రెండు గదుల మీదికి మార్చి, ఎత్తు తగ్గించి వేయడానికి ఒప్పుకుంటే వాళ్లతోనే చేయించుకోండి, ఇనుము తగ్గుతుంది కాబట్టి ధరా తగ్గాలి. ఒప్పుకోకపోతే, పథకం పోర్టల్‌లో నమోదైన వేరే వాళ్లు ఉన్నారు. అప్పుడు ఆ అడ్వాన్సు అడిగి తీసుకోండి.